ఊరు దాటిన పేరు

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగువారి పేరులో సాధారణంగా రెండు భాగాలుంటాయి. మొదటిది ఇంటిపేరు. రెండవది వ్యక్తి పేరు. వ్యక్తి పేరును తల్లిదండ్రులు ఎంచి పెడతారు. ఇంటిపేరును ఎవరూ ఎంచుకోరు. అది పుట్టుకతో సంక్రమిస్తుంది. పేర్ల పుట్టుకను, వాటి అర్థాన్ని, కాలక్రమంలో అవి పొందిన మార్పులను పరిశీలించే శాస్త్రానికి నామవిజ్ఞానం అని పేరు. నిజామాబాదు జిల్లాలోని భీమ్‌గల్‌తో సంబంధం ఉన్న ఒక ప్రాచీన కవి ఇంటిపేరును ఆధారంగా చేసుకొని, తెలుగువారి ఇంటిపేర్ల చరిత్రను వివరించడం, విద్యార్థులు తమ ఇంటిపేరును తామే పరిశోధించుకొనేటట్లు ప్రోత్సహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హాజరు పట్టికలోని అక్షరం

భీమ్‌గల్ ప్రాంతంలో గంగాధర్, గంగారాం, నర్సయ్య, లింబాద్రి అనే పేర్లు ఇంటింటా వినిపిస్తాయి. ఒకే తరగతిలో ముగ్గురు గంగాధర్‌లు ఉన్న సంవత్సరం నాకు బాగా గుర్తుంది. హాజరు పట్టికలో వారి పేర్లకు ముందు మూడు వేర్వేరు ఆంగ్లాక్షరాలు ఉండేవి. ఆ అక్షరాలే వారిని వేరు చేసేవి. ఒకనాడు హాజరు పిలుస్తూ, "బి అంటే ఏమిటి నాయనా?" అని ఒక గంగాధర్‌ను అడిగాను. "బి అంటే బి సార్. మెమోలో గట్లనే ఉన్నది" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని సాయంకాలం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ సమాధానం నన్ను వెంటాడింది. తాతముత్తాతల నుండి వచ్చిన ఒక మాట ఆ పిల్లవాని దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరంగా మిగిలింది. ఆ అక్షరానికి అర్థం ఉంటుందన్న ఊహ కూడా అతనికి లేదు.

మరునాడు తరగతిలోని వారందరికీ ఒక పని అప్పగించాను. ఇంట్లో పెద్దవారిని అడిగి తమ ఇంటిపేరు పూర్తి రూపాన్ని, దాని వెనుక ఉన్న కథను రాసుకొని రమ్మన్నాను. వారం తరువాత గంగాధర్ తన నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. అందులో ఒక ఊరి పేరు ఉంది. "మా అవ్వ చెప్పింది సార్. మా తాతకు తాత ఆ ఊరి నుంచి వచ్చిండట. ఆ ఊరు మా ఇంట్ల ఎవ్వరూ చూడలే" అన్నాడు. చూడని ఊరిని పేరులో మోస్తూ నాలుగైదు తరాలు గడిచిపోయాయి. ఇంటిపేరు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

మాటలోనే ఉన్న వ్యాకరణం

'ఇంటిపేరు' అనే మాటను ముందుగా పరిశీలిద్దాం. ఇల్లు యొక్క పేరు ఇంటిపేరు. 'ఇల్లు' అనే పదం విభక్తి ప్రత్యయానికి ముందు గాని, మరొక పదంతో సమసించినప్పుడు గాని 'ఇంటి'గా మారుతుంది. ఈ విధంగా చేరే ఇ, టి, తి అనే వర్ణాలను వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. ఊరు – ఊరి, ఏరు – ఏటి, చేయి – చేతి అనేవి ఇందుకు ఉదాహరణలు.

ఈ చిన్న సూత్రం ఇంటిపేర్ల అధ్యయనానికి తాళపుచెవి వంటిది. కందుకూరు అనే ఊరి పేరు 'కందుకూరి' అనే ఇంటిపేరు అవుతుంది. ఓరుగల్లు 'ఓరుగంటి' అవుతుంది. ఇల్లు ఇంటి అయినట్లే గల్లు గంటి అయింది. ఇంటిపేరు చివర ఇటువంటి రూపం కనిపిస్తే, దాని వెనుక ఒక ఊరో, ఏరో ఉన్నదని ఊహించడానికి అవకాశం ఉంటుంది. 'ఓరుగంటి' అని పిలిపించుకొనే వ్యక్తి తనకు తెలియకుండానే 'ఓరుగల్లుకు చెందినవాడను' అని చెప్పుకొంటున్నాడు.

వేముగల్లు – భీమ్‌గల్

మన ఊరి పేరును కూడా ఇదే పద్ధతిలో చూడవచ్చు. భీమ్‌గల్ పూర్వనామం వేముగల్లు అని సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. వేము అంటే వేపచెట్టు. కల్లు అంటే రాయి. ఊరికి సమీపంలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్న గుట్టకు నింబాచలం అని పేరు. నింబం అన్నా వేపచెట్టే; అచలం అంటే కొండ. తెలుగులో ఉన్న పేరే సంస్కృతంలో మరొకసారి పలికింది. ఓరుగల్లుకు ఏకశిలానగరం అనే సంస్కృత నామం ఏర్పడిన తీరు కూడా ఇటువంటిదే. నింబ, అద్రి అనే పదాలు కలిసి నింబాద్రి అయింది. జనుల నోట అది లింబాద్రి అయింది. కార్తీక మాసంలో లింబాద్రి గుట్ట జాతరకు వెళ్ళేవారందరూ ఈ పేరును పలుకుతారు. ఈ ప్రాంతంలో ఎందరో తమ బిడ్డలకు ఇదే పేరు పెట్టుకొన్నారు. వేము అనే మాట మాత్రం ఊరి పేరులో క్రమంగా భీమ శబ్దంగా మారిపోయింది.

పై సూత్రాన్ని అనుసరించి వేముగల్లు నుండి 'వేముగంటి' అనే ఇంటిపేరు ఏర్పడుతుంది. సిద్దిపేటకు చెందిన ప్రసిద్ధ కవి వేముగంటి నరసింహాచార్యులు ఇంటిపేరు ఇదే. అయితే వేపచెట్టూ రాయీ ఉన్న ఊరు ఒక్కటే ఉండదు. వేమగల్ అనే ఊరు కర్ణాటకలోని కోలారు జిల్లాలో కూడా ఉంది. కనుక ఏ కుటుంబం ఏ ఊరి నుండి బయలుదేరిందో చెప్పడానికి వ్యాకరణం ఒక్కటే చాలదు. ఆ కుటుంబపు జ్ఞాపకం కూడా తోడు కావాలి. నామవిజ్ఞానంలో ఈ జాగ్రత్త ఎల్లప్పుడూ అవసరం.

కొరవి గోపరాజు

ఈ వేముగల్లులో 15వ శతాబ్దిలో నివసించిన కవి కొరవి గోపరాజు. ఆయన రచించిన కావ్యం 'సింహాసన ద్వాత్రింశిక'. విక్రమార్కుని సింహాసనాన్ని అధిష్ఠించబోయిన భోజరాజుకు ఆ సింహాసనానికి ఉన్న ముప్పది రెండు సాలభంజికలు ఒక్కొక్కటిగా కథలు చెప్పడం ఇందులోని ఇతివృత్తం. ఆనాటి ప్రజల ఆహారవిహారాలు, ఆటలు, వృత్తులు, నమ్మకాలు ఈ కావ్యంలో విశేషంగా కనిపిస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఈ గ్రంథాన్ని ఆధారంగా వినియోగించుకొన్నారు.

గోపరాజు వేముగల్లులో నివసించాడు. కాని ఆయన ఇంటిపేరు వేముగంటి కాదు, కొరవి. కొరవి ఎక్కడ ఉంది? నేటి మహబూబాబాదు జిల్లాలో, వీరభద్రస్వామి ఆలయంతో ప్రసిద్ధి పొందిన కురవి గ్రామమే ఆనాటి కొరవి. భీమ్‌గల్‌కు అది 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. కాకతీయుల కంటె ముందు ముదిగొండ చాళుక్యుల ఏలుబడిలో కొరవి సీమ ప్రాముఖ్యం వహించింది. అక్కడ లభించిన 10వ శతాబ్ది శాసనం తెలుగు గద్యానికి తొలి ఉదాహరణలలో ఒకటిగా పేరు పొందింది. గోపరాజు పూర్వీకులు ఆ ఊరికి చెందినవారు కావడం చేత ఈ ఇంటిపేరు ఏర్పడిందని పండితుల అభిప్రాయం.

ఇందులో గమనించవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటిది: కొరవిలో అందరూ కొరవివారే. అక్కడ ఒక మనిషిని 'కొరవి' అని పిలిచి ప్రయోజనం లేదు. ఆ మనిషి ఊరు దాటి మరొక చోటికి వెళ్ళినప్పుడే, అక్కడివారు 'ఎవరితను?' అని అడిగినప్పుడే, 'కొరవి వాడు' అనే మాటకు విలువ వస్తుంది. అనగా ఊరిని బట్టి వచ్చిన ఇంటిపేరును పెట్టేది సాధారణంగా సొంత ఊరు కాదు. వచ్చి చేరిన ఊరు. అటువంటి ప్రతి ఇంటిపేరూ ఒక ప్రయాణానికి గుర్తు. రెండవది: ఊరి పేరు కొరవి నుండి కురవిగా మారింది. కాని ఊరు విడిచిన కవి ఇంటిపేరులో పాత రూపమే నిలిచింది. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాత రూపం పాల్కురికి. 13వ శతాబ్దికి చెందిన సోమనాథుని ఇంటిపేరులో ఆ రూపం నేటికీ భద్రంగా ఉంది. ఊరు మరచిపోయిన తన పేరును ఇంటిపేరు జ్ఞాపకం పెట్టుకొంటుంది.

ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. సొంత ఊరిలోనే ఉండి, లోకంలో ఆ ఊరి పేరుతో ప్రసిద్ధులైనవారు కూడా ఉన్నారు. అప్పుడు కూడా ఆ పేరుతో పిలిచింది బయటి లోకమే.

పేరులో ఉన్న ఊరు, పుట్టిన ఊరు

ఆధునిక కాలంలో కూడా ఈ తీరు స్పష్టంగా కనిపిస్తుంది. మన రాష్ట్రపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో జన్మించారు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామం. ఆయన పూర్వీకులు అక్కడి నుండి తరలివెళ్ళారు. గురజాడ అప్పారావు జీవితం విజయనగరంతో ముడిపడినది; గురజాడ గ్రామం కృష్ణా జిల్లాలో ఉంది. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు 1921లో లక్నేపల్లిలో జన్మించి వంగరలో పెరిగారు. ఆయన పేరులోని మొదటి అక్షరం పాములపర్తి. ఆ పేరుగల గ్రామం సిద్దిపేట జిల్లాలో ఉంది. పుట్టిన ఊరొకటి, పెరిగిన ఊరొకటి, పేరులోని ఊరు మరొకటి.

ఇంటిపేరు మారడం కూడా కద్దు. 1952 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు పుల్లంరాజు. బూర్గుల అనేది వారి గ్రామం. లోకం ఊరి పేరుతో పిలిచింది. అదే ఇంటిపేరై స్థిరపడింది. ఇంటిపేరు అనాదిగా మారకుండా వస్తున్నదన్న నమ్మకం సరికాదని దీనివల్ల తెలుస్తుంది.

ఊళ్ళతోపాటు ఇతర కారణాల వల్ల కూడా ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. పూర్వం మంత్రి పదవిలో ఉన్నవారిని ప్రెగడ అనేవారు. మహాభారత రచనను పూర్తి చేసిన ఎఱ్ఱాప్రెగడ పేరులో ఆ మాట ఉంది. చేనేత ఉద్యమ నాయకుడు ప్రగడ కోటయ్య ఇంటిపేరులో దాని తరువాతి రూపం వినిపిస్తుంది. కమ్మరి, వడ్ల వంటివి వృత్తిని తెలుపుతాయి. పులి, ఏనుగు, చింత, మామిడి వంటివి జంతువుల పేర్లు, చెట్ల పేర్లు.

అయితే పేరు వినగానే అర్థం చెప్పడానికి తొందరపడరాదు. పసుపు పండించే మన ప్రాంతంలో 'పసుపులేటి' అనే ఇంటిపేరు వింటే అది ఇక్కడిదే అని భ్రమించే అవకాశం ఉంది. కాని ఆ ఇంటిపేరుతో తెలుగు చలనచిత్రాలలో ప్రసిద్ధి చెందిన నటి పసుపులేటి కన్నాంబ ఏలూరువారు. అలాగే, ఒకే ఊరి నుండి వేర్వేరు కులాలవారు తరలివెళ్ళినప్పుడు అందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరు కావచ్చు. కనుక ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన వంశం ఒకటి కాదు. ఇంటిపేరును బట్టి మనిషి ఎక్కువ తక్కువలను నిర్ణయించడం అజ్ఞానం.

ఇటలీలో ఇదే కథ

ఇది తెలుగువారికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. గోపరాజు జీవించిన 15వ శతాబ్దిలోనే, 1452లో, ఇటలీలో లియొనార్డో డావిన్సీ జన్మించాడు. 'డా' అంటే 'నుండి' అని అర్థం. విన్సీ అనేది ఫ్లోరెన్స్ నగరానికి సమీపంలోని చిన్న ఊరు. ఆ ఊరు విడిచి ఫ్లోరెన్స్, మిలాన్ నగరాలలో పనిచేసి, 1519లో ఫ్రాన్సులో కన్నుమూసిన ఆ మహాచిత్రకారుణ్ణి లోకం ఆయన ఊరి పేరుతోనే గుర్తు పెట్టుకొంది. కొరవి గోపరాజు, విన్సీ లియొనార్డో – ఇద్దరి పేర్లూ ఒకే రీతిలో ఏర్పడ్డాయి.

వృత్తిని బట్టి వచ్చిన ఇంటిపేర్లు కూడా ఇటలీలో ఉన్నాయి. ఇటాలియన్ భాషలో 'ఫెర్రో' అంటే ఇనుము. ఇనుపపని చేసేవారి పేరు నుండి 'ఫెరారీ' అనే ఇంటిపేరు ఏర్పడింది. ప్రపంచ ప్రసిద్ధమైన ఆ కార్ల పేరును తెలుగులో చెప్పవలసివస్తే 'కమ్మరివారు' అనవలసి ఉంటుంది. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ, చర్చిలలో వివాహాలను పుస్తకాలలో నమోదు చేయాలని ఆదేశించింది. ఇటలీలో ఇంటిపేర్లు స్థిరపడడానికి ఇది ఎంతగానో తోడ్పడింది. దీనిని బట్టి ఒక సత్యం బోధపడుతుంది. నోటి మాటగా ఉన్నంత కాలం పేరు మారుతూ ఉంటుంది. పుస్తకంలోకి ఎక్కిన తరువాత అది నిలిచిపోతుంది. అందుచేత పుస్తకంలో రాసే లేఖకుని చేతిలో గొప్ప అధికారం ఉంటుంది.

పేరు ఎవరు రాస్తారు?

ఆ అధికారం అందరి విషయంలో ఒకే విధంగా పనిచేయలేదు. 1940వ దశకంలో తన పంటను, భూమిని కాపాడుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలిచిన వీరనారి ఐలమ్మ. సోమనాథుని పాలకుర్తిలోనే ఆమె జీవించారు. ఆమె ఇంటిపేరు చిట్యాల. తెలంగాణలో ఆ పేరుగల ఊళ్ళు ఉన్నాయి. కాని లోకం ఆమెను చిట్యాల ఐలమ్మ అని పిలవలేదు. కులవృత్తిని ముందుంచి చాకలి ఐలమ్మ అని పిలిచింది. ఆమె తన ధైర్యంతో ఆ మాటనే గౌరవవాచకంగా మార్చారు. 1985లో ఆమె కన్నుమూశారు. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. అది సంతోషించవలసిన విషయమే. అయినప్పటికీ ఒక ప్రశ్న మిగులుతుంది. అదే పాలకుర్తిలో ఒక కవి ఇంటిపేరు ఎనిమిది వందల సంవత్సరాలు నిలిచింది. ఒక శ్రామిక స్త్రీ ఇంటిపేరు ఆమె జీవితకాలంలోనే మరుగున పడింది. ఇంటిపేరు లేక కాదు, అడిగినవారు లేక.

స్త్రీల విషయంలో మరొక నష్టం కూడా ఉంది. వివాహానంతరం భర్త ఇంటిపేరును స్వీకరించడం ఆచారమైంది. మన దేశంలో ఏ చట్టమూ ఆ విధంగా మార్చుకొని తీరాలని శాసించదు. గంగాధర్ తన నోటుపుస్తకంలో రాసుకొన్నది తన అవ్వ మెట్టినింటి పేరు. "మీ అవ్వ పుట్టినింటి పేరేమిటి?" అని నేను అడిగినప్పుడు అతడు మళ్ళీ ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. "ఇన్నేండ్లకు నన్ను గిది అడిగినోడవు నువ్వే బిడ్డా" అని ఆ అవ్వ అన్నదట.

సముద్రాలు దాటిన పేర్లు

1834 తరువాత వేలాది మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా మారిషస్ చెరకు తోటలకు వెళ్ళారు. వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. గోదావరి ప్రాంతపు కోరంగి రేవును బట్టి అక్కడ తెలుగువారికి 'కోరంగి' అనే పేరే ఏర్పడింది. నమోదు పుస్తకాలలో కూలీ పేరు, తండ్రి పేరు వంటివి ఎక్కాయి గాని ఇంటిపేరుకు విలువ లభించలేదు. వెళ్ళిన మొదటి మనిషి పేరే తరువాతి తరాలకు ఎన్నో కుటుంబాలలో ఇంటిపేరై నిలిచింది. దానికి వెనుక ఏ ఊరు ఉన్నదో ఆ పుస్తకాలలోని పేరు ఒక్కటే చెప్పలేదు.

ఈ సంగతి మనకు దూరమైనది కాదు. 1970వ దశకం నుండి నిజామాబాదు, కరీంనగరం జిల్లాల యువకులు గల్ఫ్ దేశాలకు వెళ్ళడం ఆరంభమైంది. భీమ్‌గల్, ఆర్మూరు పరిసరాలలో గల్ఫ్‌కు వెళ్ళినవారు లేని ఊరు అరుదు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి ఉంటాయి. తెలుగువారు ఇంటిపేరును ముందు చెబుతారు. పాశ్చాత్యులు చివర చెబుతారు. ఈ తేడా తెలియక గడులు తారుమారు చేసినవారు, ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలినవారు ఎందరో. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సందర్శక వీసాలపై వచ్చేవారి పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే ప్రవేశం లేదని ప్రకటించింది. తండ్రి పేరో, కుటుంబం పేరో పాస్‌పోర్టు రెండవ పుటలో ఉంటే అంగీకరిస్తామని తరువాత సడలించింది. అంతవరకు ఒక్క అక్షరంతో సరిపెట్టుకొన్న పేరు విమానాశ్రయంలో మనిషిని ఆపగల సమస్య అయింది.

చదువు ముగిసిన కొన్ని సంవత్సరాలకు గంగాధర్ మళ్ళీ నా వద్దకు వచ్చాడు. దుబాయిలో పని దొరికింది. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. ఆధార్‌లో ఒక విధంగా, తండ్రి పట్టాదారు పాసుపుస్తకంలో మరొక విధంగా ఉంది. ఏది సరియైనదని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. అవ్వ అప్పటికే గతించింది. నోటుపుస్తకంలో ఆమె చెప్పిన మాట మాత్రం ఉంది. ఆ మాటను పట్టుకొని అతడు 1954–55 నాటి ఖాస్రా పహాణీ నకలు తీయించాడు. అందులో తాత పేరు, దాని ముందు అవ్వ చెప్పిన ఊరి పేరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. కాగితాలన్నీ సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ప్రయాణానికి ముందు సెలవు తీసుకోవడానికి వచ్చి, "బి అంటే ఏందో ఇప్పుడు చెప్పమంటరా సార్?" అని నవ్వాడు.

మీ ఇంటిపేరును మీరే వెదకండి

విద్యార్థులు తమ ఇంటిపేరును పరిశోధించుకోవడానికి గొప్ప గ్రంథాలయాలు అవసరం లేదు. మొదట ఇంట్లోని వృద్ధులను అడగాలి. వారు పలికినది పలికినట్లే రాసుకోవాలి. తండ్రివైపు పేరుతోపాటు తల్లి, నాయనమ్మ, అమ్మమ్మల పుట్టినింటి పేర్లు కూడా సేకరించాలి. తరువాత పాత పహాణీలు, భూమి దస్తావేజులు, పెండ్లి పత్రికలు చూడాలి. వంశవృత్తాంతాలు గానం చేసే వంశరాజులు, పద్మశాలీలకు పురాణం చెప్పే కూనపులివారు వంటి కళాకారులు తమ పోషక కులాల వంశకథలను తరతరాలుగా కాపాడుతూ వచ్చారు. వారు వచ్చినప్పుడు శ్రద్ధగా వినాలి. చివరగా ఆ పేరుగల ఊరు ఎక్కడ ఉందో పటంలో వెదకాలి. ఒకటి కంటె ఎక్కువ ఊళ్ళు కనిపిస్తే తొందరపడి నిర్ణయించరాదు.

పరిశోధన ఫలితంగా గొప్ప వంశచరిత్ర బయటపడుతుందని ఆశించవలసిన పని లేదు. కరవు వల్లనో, బతుకుతెరువు కోసమో, పిల్లనిచ్చిన ఊరనో ఒక మనిషి మూటాముల్లె సర్దుకొని బయలుదేరిన సంగతి తెలియవచ్చు. అదే చాలు. నేడు భీమ్‌గల్ నుండి పట్టణాలకు, పరదేశాలకు వెళ్ళేవారు కూడా ఆ మనిషి చేసిన పనినే చేస్తున్నారు. ఊరు దాటినప్పుడు గోపరాజు వంశీకుల వెంట కొరవి అనే మాట వచ్చింది. మన వెంట వచ్చిన మాట ఏదో తెలుసుకొని, దానిని పూర్తిగా రాసి, పిల్లలకు అప్పగించడం మన బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

సంక్రమించు = వంశపరంపరగా లభించు
సమసించు = సమాసంగా ఏర్పడు
అద్రి, అచలం = కొండ
సాలభంజిక = ప్రతిమ, బొమ్మ
ఇతివృత్తం = కథావస్తువు
ఏలుబడి = పాలన
కద్దు = ఉన్నది, కలదు
లేఖకుడు = రాసేవాడు
మరుగున పడు = కనిపించకుండా పోవు
పొల్లుపోకుండా = ఏమాత్రం తప్పకుండా
ఖాస్రా పహాణీ = భూమి వివరాలు, సాగుదారుల పేర్లు గల పాత రెవెన్యూ దస్త్రం

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఊరిని బట్టి ఇంటిపేర్లు ఏర్పడే విధానాన్ని కొరవి గోపరాజు ఇంటిపేరు ఆధారంగా వివరించండి.
2. 'పేరును పుస్తకంలో రాసే లేఖకుని చేతిలో గొప్ప అధికారం ఉంటుంది' – పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వేముగల్లు, నింబాచలం అనే పేర్లకు గల సంబంధం ఏమిటి?
2. కొరవి గోపరాజు, లియొనార్డో డావిన్సీ పేర్లలో గల పోలికను తెలపండి.
3. చిట్యాల ఐలమ్మ ఇంటిపేరు విషయంలో జరిగినది ఏమిటి?
4. గంగాధర్ తన ఇంటిపేరును ఏ ఆధారాలతో నిరూపించుకొన్నాడు?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. పేర్లను పరిశీలించే శాస్త్రాన్ని ఏమంటారు?
2. ఔపవిభక్తిక వర్ణాలు ఏవి?
3. 'సింహాసన ద్వాత్రింశిక' రచయిత ఎవరు?
4. బూర్గుల రామకృష్ణారావు అసలు ఇంటిపేరు ఏమిటి?
5. 'ఫెర్రో' అంటే అర్థం ఏమిటి?

IV. భాషాంశాలు
1. సంధి విడదీసి, సంధి పేరు తెలపండి: నింబాద్రి, నింబాచలం.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: ఇంటిపేరు, ఊరిపేరు.
3. ఔపవిభక్తిక రూపాలు రాయండి: ముల్లు, విల్లు, ఏరు, నోరు.

V. ప్రాజెక్టు పని
మీ తరగతిలోని పది మంది ఇంటిపేర్లను పూర్తి రూపంలో సేకరించండి. ఊరు, వృత్తి, పదవి, ప్రకృతి అనే విభాగాలుగా వర్గీకరించి, ఏ విభాగానికీ చెందని వాటిని వేరుగా చూపండి. మీ ఇంటిలోని ముగ్గురు స్త్రీల పుట్టినింటి పేర్లను కూడా అందులో చేర్చండి.